చిన్న పెరట్లో ఐరిస్ క్రాసులు: ఏది ఉంచాలి, ఏది పీకాలి

అమెరికాలో టౌన్‌హోముల్లో ఉండే మనవాళ్ళకి డెక్ పోగా ఫెన్స్ పక్కన ఓ సన్నటి మడి మిగిలితే గొప్ప. అంత జాగాలోనూ ఐరిస్ అనే పూల మొక్కల్ని క్రాస్ చేసి, అంటే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి రాసి, సొంత రంగులు పుట్టించొచ్చండి, కాకపోతే విత్తనాలకి కొదవుండదు, ఒక్క కాయలోనే ముప్పై నలభై వస్తాయి, జాగాకే కరువు. కాబట్టి పీకెయ్యడానికి ముందే మనసు సిద్ధం చేసుకోండి.

మొదట రకం. టాల్ బియర్డెడ్ అనే పొడుగు ఐరిస్ 70 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, మొలిచాక పువ్వు చూడ్డానికి మామూలుగా రెండేళ్ళు, అన్నాళ్ళూ మడి ఆక్రమించుకునే ఉంటుంది. నేనైతే పొట్టి రకం, స్టాండర్డ్ డ్వార్ఫ్ బియర్డెడే పెట్టమంటాను. ఎత్తు 41 సెంటీమీటర్ల లోపే, సీడ్‌లింగ్‌కి ఆరంగుళాల ఎడం చాలు, చాలా మొక్కలు మొలిచిన మరుసటి వసంతానికే పూస్తాయి. ఇండియానాలో పాల్ కుక్ అనే ఆయన టాల్ బియర్డెడ్‌ని ఐరిస్ పుమిలా అనే పొట్టి జాతితో కలిపి తెచ్చిన వంశం ఇది, అందులో గ్రీన్ స్పాట్ అనే ఆయన రకం 1951లో వచ్చింది. టాల్‌కి 48 క్రోమోజోములు, పుమిలాకి 32, పిల్లకి చెరో సగం వస్తాయి, అందుకని వీటికి 40. డ్వార్ఫ్‌ని డ్వార్ఫ్‌తోనే కలపండి, పిల్లలు మళ్ళీ కాయ కడతాయి. టాల్‌తో కలిపితే 44తో పుడతాయి, పువ్వు ఎంత బాగున్నా చాలావరకు గొడ్డువే, వాటితో తర్వాతి తరం తీద్దామంటే కుదరదు.

సీజన్‌కి రెండు మూడు క్రాసులు చాలు, ప్రతిదానికీ ఎందుకు చేస్తున్నారో ఒక కారణం ఉండాలి. పొద్దున్నే, తేనెటీగలు రాకముందే, అప్పుడే విచ్చుకుంటున్న పువ్వు చూసుకుని కిందికి వేలాడే రేకులు తుంచెయ్యండి, అవి లేకపోతే ఈగ వాలడానికి చోటుండదు. తల్లి పువ్వు కేసరాలు కూడా తీసెయ్యాలి. తండ్రి పువ్వు కేసరాన్ని ట్వీజర్‌తో పట్టుకుని, పుప్పొడిని తల్లి పువ్వులో, తుంచిన రేకుల మీది బియర్డ్‌కి, అంటే గడ్డం లాంటి నూగుకి, పైన ఉండే చిన్న పెదవి లాంటి అంచు పైవైపు రాయండి. కాడకి ట్యాగ్ కట్టి తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాయండి, ఇది వాయిదా వెయ్యొద్దు. దాదాపు రెండు నెలలకి కాయ ముదిరి చివర పగుళ్ళిస్తుంది, అప్పుడు కోసి విత్తనాలు ఆరబెట్టుకోవడమే.

అక్టోబర్, నవంబర్‌లో కుండీల్లో అరంగుళం లోతున విత్తి చలికాలమంతా బయటే వదిలెయ్యండి, ఆ చలి తగిలితేనే మొలకొస్తుంది. ఉడతలు తవ్వకుండా పైన జాలీ వెయ్యండి. వసంతంలో కొన్ని మొలుస్తాయి, కొన్ని మరుసటి ఏడు మొలుస్తాయి, కాబట్టి కుండీ పారబొయ్యొద్దు. మూడు నాలుగు ఆకులొచ్చాక బలంగా ఉన్నవాటినే ఎండ బాగా తగిలే మడిలోకి మార్చండి, నీళ్ళు నిలవకూడదు, నైట్రోజన్ ఎక్కువున్న ఎరువు వేస్తే దుంప కుళ్ళుతుంది.

ఇక పూశాక. మొదటి రోజు ప్రతి పువ్వూ ముద్దుగానే ఉంటుందండి, అందుకని ఆ రోజు ఫోటో తీసి ఊరుకోండి, మూడో రోజు మళ్ళీ చూడండి. రేకు వాడి వేలాడిపోయిందా, ఎండకి రంగు వెలిసిందా, పువ్వు ఆకుల పైకొచ్చి కనపడుతోందా లేక మధ్యలో ఇరుక్కుందా. పక్కన తల్లిదండ్రులిద్దర్నీ తప్పకుండా ఉంచండి, వాటికంటే మెరుగ్గానో కొత్తగానో లేకపోతే మనం ఏడాది పెంచి కొత్తగా సాధించిందేం లేదు. మొగ్గలు తక్కువున్నాయని మాత్రం మొదటి పూతలోనే కొట్టెయ్యొద్దు, మొక్క ఇంకా చిన్నది. కానీ ఆకు మచ్చలు పట్టినా, దుంప మెత్తబడినా, పక్కన ఒక్క పిల్ల కూడా పెట్టకపోయినా, పువ్వు ఎంత అందంగా ఉన్నా ఉంచొద్దు. పిల్లలు పెట్టకుండా పూస్తే ఆ మొక్క ఎలాగూ చచ్చిపోతుంది.

ఒక్కో క్రాస్‌లోంచి రెండో మూడో మొక్కలే నంబర్లేసి ఉంచుకోండి. పువ్వు బాగుండి కొత్తదనం లేనివి ఫ్రెండ్స్‌కి ఇచ్చెయ్యండి, రోగం ఉన్నవి చెత్తబుట్టలోకి. ఉంచినవాటిని జులై, ఆగస్టుల్లో విడదీసి నాటి ఇంకో రెండు వసంతాలు గమనించండి. గుబురు కట్టాక కూడా ఎత్తు 41 సెంటీమీటర్లు దాటకుండా, పూత తగ్గకుండా ఉంటే అప్పుడు కొత్త రకంగా పేరు పెట్టి రిజిస్ట్రేషన్ చేయించడం ఆలోచించండి. అది చూసేది 1920లో పెట్టిన అమెరికన్ ఐరిస్ సొసైటీ, ఇంతకుముందు ఎవరూ వాడని పేరు కావాలి కాబట్టి రెండు మూడు పేర్లు అనుకుని వెళ్ళండి.