మెసేజ్ మీద బ్యాంకు పేరుంది, పంపింది ఎవరు?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మొబైల్ షాపు నడుపుతాను. స్క్రీన్లు మార్చడం, చార్జింగ్ పిన్నులు వేయడం నా పని. ఈ మధ్య రోజూ ఒకరిద్దరు "ఈ మెసేజ్ నిజమేనా, జర చూడు బిడ్డా" అని ఫోన్ నా చేతిలో పెడుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: బ్యాంకు పాత మెసేజ్‌ల కిందే దొంగ మెసేజ్ వచ్చింది

దేవరకొండ వైపు నుంచి ఒక బత్తాయి రైతు వచ్చారు. ఫోన్‌లో బ్యాంకు పేరు మీద ఒకటే వరుస. పైన కాయ అమ్మిన డబ్బు జమ అయిన మెసేజ్, దాని కింద ఏటీఎంలో 5,000 తీసిన మెసేజ్, ఆ కిందే "కేవైసీ పూర్తి కాలేదు, ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుంది" అంటూ ఒక లింకు. "బ్యాంకోళ్ల దాంట్లనే వచ్చింది గదా, దొంగది ఎట్లైతది?" అని అడిగారు. సరైన ప్రశ్నే.

కారణం: ఎస్సెమ్మెస్‌తో పాటు పంపినవారి పేరు కూడా ఒక గడిలో వస్తుంది. ఆ గడిలో 11 దాకా అక్షరాలు పడతాయి. ఆ పేరు నిజమా కాదా అని ఫోన్ ఎవరినీ అడగదు. ఉత్తరం కవరు మీద 'ఫ్రమ్' అడ్రసు ఎవరు ఏది రాసినా పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇస్తాడు కదా, ఇదీ అంతే. పైగా ఒకే పేరుతో వచ్చినవన్నీ ఫోన్ ఒకే వరుసలో పేరుస్తుంది. అందుకే దొంగది అసలు వాటి మధ్యలో కూర్చుంటుంది.

మన దేశంలో దీనికి కొంత కట్టడి ఉంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు ఆ పేరును, మెసేజ్ నమూనాను ముందే రిజిస్టర్ చేయాలి. 2025 నుంచి పేరు చివర ఒక అక్షరం కూడా వస్తోంది: పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. పేరు ముందుండే రెండు అక్షరాలు పంపిన టెలికాం కంపెనీకి, సర్కిల్‌కు (అంటే దాని ప్రాంతానికి) గుర్తు. అవి ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి, అది చూసి కంగారు పడొద్దు.

అయినా దొంగలకు దారులున్నాయి. బ్యాగులో పట్టేంత చిన్న దొంగ టవరు పెట్టి, చుట్టుపక్కల ఫోన్లను 2జీకి దించి, కంపెనీ నెట్‌వర్క్‌తో పని లేకుండా నేరుగా మెసేజ్ తోస్తారు. 2జీలో టవరు ఫోన్‌ను పరీక్షిస్తుంది గానీ, ఫోన్ టవరును పరీక్షించదు.

పరిష్కారం: మెసేజ్‌లో ఉన్న లింకు, నంబరు రెండూ ముట్టుకోవద్దు. పాస్‌బుక్ మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఆ రైతుతో అలాగే చేయించాను. కేవైసీ ఎప్పుడో అయిపోయిందని బ్యాంకువాళ్లు రెండు నిమిషాల్లో చెప్పారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సిమ్ సెట్టింగ్స్‌లో 2జీని ఆపే బటన్ ఉంటుంది, ఆపేయండి. 4జీ సిగ్నల్ సరిగా అందని తండాల్లో మాత్రం ఆపితే కాల్స్ రాకపోవచ్చు, చూసుకోండి.

సమస్య: "రాత్రి 9.30కి కరెంటు కట్" అని పదంకెల నంబరు నుంచి వచ్చింది

ఇందులో పెద్ద మాయ లేదు, ఎవరిదో సిమ్‌తో పంపిందే. మన జిల్లాల్లో కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్. బాకీ ఉందో లేదో బిల్లు మీదున్న సర్వీస్ నంబరుతో వాళ్ల యాప్‌లో చూసుకోండి, లేదా 1912కు చేయండి. చలానా, పీఎం కిసాన్ పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) మాత్రం దీనికన్నా చాలా ప్రమాదం. ఎందుకో కింద చదవండి.

సమస్య: నేను పంపని మెసేజ్ నా నంబరు నుంచి వెళ్లింది

నాకు అన్నిటికంటే బాధ అనిపించేది ఇదే. జడ్చర్లలో ఉండే మా మేనత్త కొడుక్కి ఒక రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి తిట్టారు. సాయంత్రానికి ఫోన్ స్విచాఫ్ చేసి కూర్చున్నాడు. "బావా, నేనేం చేయలే" అన్నప్పుడు గొంతు వణికింది. ఇలాంటప్పుడు కారణం మూడింటిలో ఒకటి.

ముందు, అవతలివాళ్లకు వచ్చింది ఎస్సెమ్మెసా, వాట్సాపా అని అడగండి. టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి. వాట్సాప్ అయితే నంబరుకు వేషం వేయడం కాదు, మీ ఖాతా ఇంకొకరి చేతిలో ఉన్నట్టు. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తెలియనివన్నీ లాగౌట్ చేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి.

ఎస్సెమ్మెస్ అయితే ఫోన్‌లో దొంగ యాప్ ఉందేమో చూడాలి. సెంట్ మెసేజ్‌లలో ఏమీ లేదని ధీమా పడొద్దు, అవి పంపి చెరిపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి ఏయే యాప్‌లకు ఉందో చూడండి. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు కూడా చూడండి. మా వాడి ఫోన్‌లో చలానా పేరుతో ఒక యాప్ దొరికింది. వారం కింద వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఏపీకే అది. ఓటీపీలు కూడా అదే చదివి బయటికి పంపుతుంది. ఇలాంటిది దొరికితే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి యాప్ తీసేయండి. తొలగకపోతే సేఫ్ మోడ్‌లో తీయండి. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నాకు నమ్మకం. యూపీఐ పిన్, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. ##002# డయల్ చేస్తే ఎవరైనా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ పోతుంది.

యాప్ ఏదీ లేదంటే, మీ నంబరును ఎవరో వేషంగా వాడారు, అంటే పంపినవారి గడిలో మీ నంబరు రాశారు. ఇందులో మీ ఫోన్‌లో బాగుచేయాల్సింది ఏమీ లేదు, నంబరు మార్చినా లాభం లేదు. తిట్టినవాళ్లకు శాంతంగా చెప్పి, ఆ స్క్రీన్‌షాట్లతో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. ఆ టైమ్‌కు మీ సిమ్ నుంచి మెసేజ్ వెళ్లిందో లేదో టెలికాం కంపెనీ రికార్డు చెబుతుంది, పోలీసులు దాన్ని తెప్పించుకోగలరు. అదే మీకు రక్ష. టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూసి, మీవి కానివాటిని రిపోర్ట్ చేయండి.

డబ్బు పోకపోతే, పోతే

పోకపోతే సంచార్ సాథీలోనే ఉండే చక్షు అనే ఫిర్యాదు విభాగంలో ఆ మెసేజ్‌ను రిపోర్ట్ చేయండి. పోతే ఇంట్లో తిడతారని దాచొద్దు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. లావాదేవీ నంబరు, మొత్తం, టైమ్ దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దూకేలోపు ఆపితేనే దక్కుతుంది. బ్యాంకులో కూడా రాసిచ్చి రసీదు తీసుకోండి. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడోవాళ్లది అయినప్పుడు 3 పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే చెప్పేదాకా పోయింది మీది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే గంట కూడా ఆగొద్దు.

ఆ తర్వాత కొన్నాళ్లకు "మీ డబ్బు రికవరీ చేస్తాం, ముందు 2,000 ఫీజు కట్టండి" అని ఇంకో ఫోన్ రావచ్చు. 1930 ఫిర్యాదుకు ఏ దశలోనూ ఫీజు లేదు. అలాంటి కాల్ వస్తే ఆ నంబరునూ అదే ఫిర్యాదులో కలపండి.