ఇంట్లో వీణ సాధన ఎలా చేయాలి?

వీణ క్లాసులో చేరినవాళ్ళకు చాలామంది చెప్పేది ఒకటే: "రోజూ గంటసేపు వాయించు." ఆ గంటలో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో పిల్లలైనా పెద్దలైనా సరళీ వరుసల (మొట్టమొదటి స్వర పాఠాల) నుంచి మొన్న నేర్చుకున్న గీతం దాకా ఒక్క బిగిన వాయించి లేస్తారు. నిన్న తప్పిన చోటే ఇవాళా తప్పుతుంది. కొన్ని వారాలకు ఆ తప్పు కూడా పాఠంలో భాగమై చేతికి అలవాటైపోతుంది. దాన్ని మాన్పించడం కొత్త పాఠం చెప్పడం కంటే ఎంతో కష్టం.

కావలసినవి

వీణ, శ్రుతి పెట్టె లేదా ఫోన్‌లో తంబూరా యాప్, మెట్రోనోమ్, ఎడమచేతి వేళ్ళకు కాస్త కొబ్బరి నూనె, ఒక నోట్‌బుక్. వీణ బొబ్బిలిదైనా నూజివీడుదైనా, ఒకే మానులో తొలిచిందైనా అతుకులదైనా సాధనకు తేడా ఏమీ లేదు. మెట్లు (తీగను నొక్కే అడ్డపట్టీలు) సరిగ్గా పలికితే చాలు. అవి మైనంలో కూర్చినవి కాబట్టి ఎండ పడే కిటికీ పక్కన, కారు డిక్కీలో వీణను వదలకండి.

వీణను పెట్టెలో దాచొద్దు. మంచి బట్ట కప్పి, చాప మీద, చేతికందేలా ఉంచండి. పెట్టె తీయాలంటే బద్ధకం వేసి ఎగ్గొట్టిన సాధనలు ఎన్నో ఉంటాయి. మోకాళ్ళు సహకరించనివాళ్ళు తప్ప అందరూ నేల మీదే కూర్చోవాలి. సోఫాలో కూర్చుని వాయిస్తే భుజం పైకి లేస్తుంది.

ఎప్పుడు, ఎంతసేపు

పొద్దున్న, టిఫిన్‌కి ముందు, రోజూ ఒకే వేళకి నలభై నిమిషాలు. చిన్నపిల్లలకు ఇరవై చాలు. వారమంతా వదిలేసి ఆదివారం మూడు గంటలు కూర్చుంటే వేళ్ళు నొప్పెట్టడం తప్ప ఏమీ రాదు. తీగ ఒత్తుకుని వేళ్ళ మీద గాడి పడి కాయలు కాయడం మామూలే. మణికట్టు లాగితే మాత్రం ఆ రోజుకి ఆపేయండి.

ముందు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తీగలు శ్రుతి చేసుకోండి. తర్వాత పక్కన ఉన్న మూడు తాళం తీగలు. తర్వాత వాయించబోయేది నోటితో ఒకసారి పాడండి. గొంతు బాగుండనక్కరలేదు, స్వరం పలికితే చాలు. నోట రానిది వేలి కింద రాదు.

తప్పిన చోట ఆగడం

అసలు పని ఇక్కడుంది, అందరూ పాడుచేసేదీ ఇక్కడే.

మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరుసే తీసుకోండి. సారణి తీగ మీద శుద్ధ ధైవతం (ద) ఎనిమిదో మెట్టు, కాకలి నిషాదం (ని) పదకొండో మెట్టు. అంటే ద నుంచి నికి చెయ్యి మూడు మెట్లు దూకాలి. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళంలో ఆ ని ఏడో అక్షరం మీద పడుతుంది. అంటే రెండో ద్రుతం (తాళంలో రెండక్షరాల భాగం) దెబ్బ. సరిగ్గా అప్పుడే కుడిచేతి చిటికెన వేలు తాళం తీగల్ని మీటాలి. అవరోహణలోనూ అంతే. గ నాలుగో మెట్టు, రి మొదటి మెట్టు. ఆ రి కూడా ఏడో అక్షరమే. రెండు చేతులకూ కష్టమైన పని ఒకే క్షణంలో వస్తుంది కాబట్టి చెయ్యి తడబడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. "వరుస రావట్లేదు" అని మొత్తం మళ్ళీ మొదలుపెడతారు. వరుస వచ్చు. రానిది ఆ ఒక్క అతుకు.

అక్కడ ఆగండి. వరుస మొదటికి వెళ్ళొద్దు. మెట్రోనోమ్ నలభైకి పెట్టండి. ముందు మీటకుండా, ఎడమచేతిని మాత్రం ద నుంచి నికి జరపండి. చూపు మెట్టు మీద ఉండాలి. తర్వాత మీటండి. అది కుదిరాకే చిటికెన వేలు కలపండి. తర్వాత వెనక ఒక స్వరం చేర్చి ప ద ని, ఆపైన ముందు ఒకటి చేర్చి ప ద ని స. వరసగా ఐదుసార్లు శుభ్రంగా పలికితేనే మెట్రోనోమ్ నాలుగు అంకెలు పెంచండి. నాలుగోసారి తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. "దాదాపు వచ్చింది" అని పెంచేస్తే ఈ శ్రమంతా వృథా.

తాళం వేసే ఈ చిటికెన వేలును పాఠాలన్నీ వచ్చాక కలుపుకోవచ్చని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. చేతులు రెండూ వీణ మీదే ఉన్నప్పుడు తాళం చూపేది ఆ వేలొక్కటే. మొదటి రోజు నుంచే అది పనిచేయాలి.

మూడు కాలాల (వేగాల) దగ్గర ఇంకో జాగ్రత్త. కాలం మారితే తాళం వేగం మారకూడదు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మూడో కాలంలో ఆరోహణ, అవరోహణ కలిపి సగం ఆవర్తంలోనే (తాళం ఒక చుట్టు ఒక ఆవర్తం) అయిపోతాయి కాబట్టి వరుసను రెండుసార్లు వాయించి ఆవర్తం నింపాలి. మొదటి కాలం హుషారుగా ఎత్తుకుని, మూడో కాలానికి తాళాన్నే నెమ్మది చేసేవాళ్ళే ఎక్కువ. మూడో కాలం ఏ వేగంలో తప్పులేకుండా వస్తుందో ముందు చూసుకుని, మొదటి కాలాన్ని దానికి కట్టండి. మొదటి కాలం సాగినట్టు అనిపిస్తుంది, అనిపించనివ్వండి. అక్కడే నాదం ఎంతసేపు నిలుస్తుందో చెవికి తెలుస్తుంది.

గురువుగారి వీడియో పెట్టుకుని దానితోపాటు వాయించడం మానేయండి. ఆ వీణ మోతలో మీ తప్పు మీకు వినపడదు. అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వీడియో కాల్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, గురువు మీతో కలిసి తాళం వేయలేరు. లయ భారమంతా మీదే. వారానికోసారి మీ వాయిద్యం రికార్డు చేసుకుని మర్నాడు వినండి.

చివరి పది నిమిషాలు

ఒక గీతమో స్వరజతో మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించండి. ఇప్పుడు తప్పు వచ్చినా ఆగొద్దు. ఎక్కడ తప్పిందో లేచేముందు నోట్‌బుక్‌లో రాసుకోండి, రేపటి సాధన అక్కడ మొదలవుతుంది. తర్వాత పొడిబట్టతో తీగలు తుడవండి. నూనె, చెమట అలాగే వదిలేస్తే తీగలు తొందరగా పాడవుతాయి.