వాగులో చేపలెన్ని? బకెట్‌లో పడినవి చెప్పవు

వంద మీటర్ల వాగులో 86 చేపలు పట్టి "ఇక్కడ 86 ఉన్నాయి" అని రాస్తే, అది పట్టినవాళ్ల నేర్పు లెక్కే అవుతుంది. నీళ్లు తేటగా ఉన్న రోజు ముప్పాతిక భాగం దొరకొచ్చు, కలకగా ఉన్న రోజు సగం కూడా దొరకకపోవచ్చు. అందుకే మంచినీటి చేపల పరిశోధనలోకి వచ్చినవాళ్లు ఒక్కో చేప వలలో పడే అవకాశం ఎంతో తేల్చడం ముందు నేర్చుకోవాలి. వాగులో పడే పాట్లలో ఎక్కువ భాగం ఆ అవకాశాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంచడానికే.

ముందు వాగు రెండు చివరలా అడ్డువలలు కట్టాలి. చేపలు లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసం ఉన్న వల అయితే మంచిది. అయినా సీసాన్ని నమ్మి వదిలేయకుండా కింది తాడు పొడవునా రాళ్లు పేర్చాలి. రాళ్ల మధ్య పిడికిలి పట్టేంత సందు మిగిలితే చేపలు అందులోంచే జారిపోతాయి. కంత సైజు మీరు లెక్కించాలనుకున్న అతి చిన్న చేప కంటే సన్నగా ఉండాలి. వలకు ఆకులు పేరుకుంటే ప్రవాహం దాన్ని వంచేస్తుంది కాబట్టి ప్రతి విడత (ఒక వల నుంచి మరో వల దాకా ఒకసారి చేపలు పట్టుకుంటూ వెళ్లడం) ముందూ దులపాలి.

లోతు నడుము దాటని వాగుల్లో వీపున మోసే ఎలక్ట్రోఫిషర్ (నీళ్లలోకి కరెంటు పంపి చేపలను పట్టే మెషీన్) బాగా పనిచేస్తుంది. దిగువ వల దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడవండి. కాళ్లు రేపిన మడ్డి వెనక్కి పోతుంది, ముందు నీళ్లు తేటగా ఉంటాయి. ఏసీ కరెంటు జోలికి పోకూడదు, అది చేపల వెన్నెముకను దెబ్బతీస్తుంది. పల్స్‌లుగా వచ్చే డీసీని తక్కువ వోల్టేజీ, 30 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి, చేప ఆనోడ్ (ప్లస్ ధ్రువం) వైపు తిరిగి ఈదేంత వరకే పెంచాలి. చేప కట్టెలా బిగుసుకుపోయినా, ఒంటి మీద నల్లటి పట్టీలు కనిపించినా వెంటనే తగ్గించాలి. నీటి విద్యుద్వాహకత సెంటీమీటరుకు 100 మైక్రోసీమెన్స్ కంటే తక్కువగా ఉంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. అందుకే మెషీన్ ఆన్ చేసే ముందే మీటరు ముంచి చూడాలి. కనీసం ముగ్గురు ఉండాలి. రబ్బరు గ్లవ్స్, నీరు దిగని వేడర్స్ (బూట్లు కలిసిన పొడవాటి ప్యాంటు) వేసుకోవాలి. వాన పడితే పని ఆపేయాలి. కరెంటు ఉన్న నీళ్లలో చేయి పెట్టి చేపను అందుకోకూడదు. ఈ పద్ధతికి అనుమతి లేనిదే మెషీన్‌ను వాగు దగ్గరికే తీసుకెళ్లొద్దు.

మొదటి విడతలో పట్టినవాటిని వాగులో కాకుండా గాలి పంపు ఉన్న తొట్టిలో ఉంచండి. నీళ్లు వెచ్చబడే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. నీరు పూర్తిగా పట్టుకోగలిగింది 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11.3 మిల్లీగ్రాములు, 25 డిగ్రీల దగ్గర 8.3 మాత్రమే. తొట్టి నీడలో ఉండాలి, కిక్కిరిసిపోకూడదు. అరగంట ఆగి రెండో విడత మొదలుపెట్టాలి. అదే మనుషులు, అదే వోల్టేజీ, అంతే సమయం. మెషీన్ మీద కనిపించే సెకన్లను ప్రతి విడతకూ రాసుకోండి. రెండోసారి అలసిపోయి త్వరగా ముగించడమే ఈ పనిలో అందరూ చేసే తప్పు. అప్పుడు చేపలు నిజంగా తగ్గాయో, శ్రమ తగ్గిందో చెప్పలేం.

ఇప్పుడు లెక్క. మొదటి విడతలో 62, రెండో విడతలో 24 దొరికాయనుకుందాం. పరిశోధకులు సెబర్, లెక్రెన్ 1967లో ఇచ్చిన సూత్రం ప్రకారం మొదటి సంఖ్యను దానితోనే హెచ్చించి, రెండు విడతల తేడాతో భాగించాలి. 3844ను 38తో భాగిస్తే 101. పట్టుబడే అవకాశం 38ని 62తో భాగిస్తే వస్తుంది, అది 0.61. ప్రామాణిక దోషానికి (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) రెండు విడతల సంఖ్యలను హెచ్చించి, మొత్తం పట్టుబడి వర్గమూలంతో మళ్లీ హెచ్చించి, తేడా వర్గంతో భాగించాలి. ఇక్కడ 9.6 వస్తుంది. దానికి రెండింతలు తీసుకుంటే దాదాపు 101, అటూ ఇటూ 19. కింది హద్దు 82 అని సూత్రం చెప్పినా, 86 చేపలు మన చేతిలోనే ఉన్నాయి కదా, ఆ హద్దును 86గా రాయాలి.

రెండో విడతలో 24 బదులు 50 పడితే ఏమవుతుందో చూడండి. అంచనా 320, దోషం 228! ఆ అంకె దేనికీ పనికిరాదు. మూడో విడత, వీలైతే నాలుగో విడత చేయాల్సిందే. రెండోది మొదటిదానితో సమానమైనా, మించినా సూత్రమే పనిచేయదు. ఇంకో చిక్కు పైకి కనబడదు. పెద్దవి, తేలికగా దొరికేవి మొదటే పడిపోతాయి, మిగిలినవి రాళ్ల సందుల్లో బెదిరి కూర్చుంటాయి. దాంతో అవకాశం విడతవిడతకూ తగ్గి, అంచనా అసలు కంటే తక్కువ వస్తుంది. ఈ ఏటి పిల్లలను, పెద్ద చేపలను, ఒక్కో జాతిని విడివిడిగా లెక్కగడితే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది.

వలలు నిలవని వెడల్పాటి చోట్ల గుర్తు పెట్టి మళ్లీ పట్టే పద్ధతి మేలు. డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో సముద్రపు చేపల మీద మొదలుపెట్టినదే ఇది. ఇప్పుడు 1951 నాటి చాప్‌మన్ సవరణనే వాడతారు. గుర్తు పెట్టినవి 80, రెండోసారి పట్టినవి 75, వాటిలో గుర్తున్నవి 22 అనుకోండి. ప్రతి సంఖ్యకూ ఒకటి కలిపి, 81ని 76తో హెచ్చించి, 23తో భాగించి, చివర ఒకటి తీసేస్తే 267. గుర్తున్నవి ఏడు కంటే తక్కువ దొరికితే ఫలితాన్ని నమ్మొద్దు. గుర్తులు రాలిపోయినా, ఒకసారి పట్టుబడిన చేపలు తప్పించుకోవడం నేర్చినా అంచనా అసలు కంటే ఎక్కువ వస్తుంది. ఒకే రోజు పనికి తోక రెక్క పై కొస కొద్దిగా కత్తిరిస్తే చాలు, అది మళ్లీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఒక్కో చేపనూ గుర్తుపట్టాలంటే 12 మిల్లీమీటర్ల పిట్ ట్యాగ్ (చేప ఒంట్లో పెట్టే, ఒక్కోదానికీ వేరే నంబరున్న చిన్న చిప్) కావాలి.

కొలిచేటప్పుడు మత్తు వాడితే చేపకూ మీకూ తేలిక. ఎంఎస్-222 అనే మత్తుమందు లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు, అంటే పది లీటర్ల బకెట్‌కు అర గ్రాము నుంచి ఒక గ్రాము. అది నీటిని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి అంతే బరువు సోడియం బైకార్బొనేట్ కలపండి. ఇది మరిచిపోతే లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లలో చేపలు గిలగిలా కొట్టుకుంటాయి. మత్తు పెట్టిన చేపలను ఎవరూ తినకుండా చూడాలి. చేతులు, కొలత బల్ల ముందే తడపండి. పొడి చేయి తగిలితే జిగురు ఊడిపోతుంది, బూజు పడుతుంది. పొడవు తోక చీలిక వరకా, చివర వరకా అన్నది ముందే ఒకటి ఎంచుకుని షీటు పైన రాయాలి. రెండూ కలిసిపోతే ఆ ఏడాది లెక్కంతా గంగపాలే. నిటారుగా ఈదడం మొదలుపెట్టాకే వదలాలి, అదీ అడ్డువలల నడుమే, చివరి విడత అయ్యాక.

వలలు విప్పే ముందు నీటి వెడల్పును పది చోట్ల కొలిచి సగటు తీయండి. సగటు 3.4 మీటర్లయితే వంద మీటర్ల వాగు 340 చదరపు మీటర్లు. 101 చేపలంటే ప్రతి వంద చదరపు మీటర్లకు 29.7. మరో వాగుతో పోల్చాల్సింది ఈ అంకెనే. ఏదైనా జాతి ఒక విడతలో దొరకకపోతే షీటులో దానికి సున్నా రాయండి. ఖాళీ గడి చూస్తే దొరకలేదో, రాయడం మరిచారో ఆరు నెలల తర్వాత ఎవరికీ తెలియదు. మరో వాగుకు వెళ్లే ముందు వేడర్స్, వలలు, బకెట్లు పూర్తిగా ఆరాలి.