పాత విల్లీస్ జీపుకి హైదరాబాద్‌లో తక్కువలో స్పేర్లు దొరకాలంటే

మిలిటరీ జీపుకి సామాను దొరకట్లేదనే వాళ్లలో చాలామంది షాపుకెళ్లి "విల్లీస్‌ది ఉందా భాయ్?" అని అడుగుతారు. అలా అడిగితే స్పేర్ల షాపులుండే పుత్లీబౌలిలో అయినా, రాణీగంజ్‌లో అయినా లేదనేస్తారు, లేకపోతే వింటేజ్ బండి అని తెలిసిపోయి రేటు పెంచేస్తారు. బండి పేరు ఎత్తకండి. పార్టు నంబరు అడగండి, నంబరు లేకపోతే కొలత చెప్పండి.

వీల్ బేరింగే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీకి, అదే జీపుని ఫోర్డ్ కంపెనీ చేసిన జీపీడబ్ల్యూకి పడేది 18590 కోన్ (బేరింగ్ లోపలి భాగం), 18520 కప్ (బయటి రింగు). ముందు యాక్సిల్ కింగ్‌పిన్‌కి, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే పిన్నుకి, 11590, 11520. పాత బేరింగ్‌ని కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుతురులో కొంచెం తిప్పి చూస్తే అంచు మీద ఆ అంకెలు కనిపిస్తాయి. అవి కాగితం మీద రాసుకుని రాణీగంజ్‌లో బేరింగ్ షాపులో చూపించండి, అది జీపుకా ఇంకోదానికా అని వాళ్లు అడగరు, మామూలు బేరింగ్ రేటుకే ఇస్తారు. ఆయిల్ సీల్ అయితే లోపలి సైజు, బయటి సైజు, మందం వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలుచుకుని వెళ్లండి. ఈ బండిలో అన్నీ ఇంచుల కొలతలే కాబట్టి దగ్గరగా ఉంది కదా అని మిల్లీమీటర్ల సీల్ తెచ్చి వేస్తే ఆయిల్ కారుతూనే ఉంటుంది.

మనకి కలిసొచ్చిన విషయం మహీంద్రా. 1947 నుంచి ఇక్కడ విల్లీస్ జీపులు బిగించారు, ఆ తర్వాత సీజే-3బీ అనే జీపు మోడల్ చాలా ఏళ్లు తయారైంది, వాటి సామాను ఇప్పటికీ తిరుగుతోంది. ఎంబీ ఇంజన్‌కీ సీజే-3బీ ఇంజన్‌కీ బోరు (సిలిండర్ వెడల్పు) 3.125, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4.375 ఇంచులే, అందుకే కింది భాగంలో చాలా సామాను కలుస్తుంది. అయితే అన్నీ కలుస్తాయనుకుంటే డబ్బులు పోతాయి. ఎంబీ ఇంజన్ లోపలి షాఫ్టుల్ని కలిపి తిప్పడానికి టైమింగ్ చైన్ ఉంటుంది, తర్వాతి ఇంజన్లలో గేర్లు వచ్చాయి. ఎంబీ గేర్‌బాక్స్ టీ-84, సీజేది టీ-90, ఒకదాని గేర్లు ఇంకోదానికి పడవు. ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ముందు వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె, మాత్రం రెండింటికీ స్పైసర్ 18 మోడలే, బయటి నుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం, కానీ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఎంబీలో ముప్పావు ఇంచు, తర్వాతివాటిలో ఇంచుంపావు దాకా లావు అయింది. షాఫ్ట్ కొలవకుండా రిపేర్ కిట్ కొనొద్దు.

డ్రైవర్ కూర్చునే దిశ నుంచి చూస్తే ఎడమవైపు చక్రాల నట్లకి ఉల్టా మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడతాయి. ఇది తెలియని కుర్రాడు పైపు తగిలించి బలంగా తిప్పాడంటే నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్, విరుగుతుంది, తర్వాత ఆ స్టడ్ కోసం ఊరంతా తిరగాలి. స్టడ్ చివర ఎల్ అక్షరం ఉందేమో ముందే చూడండి. అలాగే బోల్టు తల మీద ఎఫ్ అక్షరం ఉంటే అది ఫోర్డ్ అసలు బోల్టు, తుప్పు పట్టినా పారేయొద్దు, అలాంటివి ఏరికోరి కొనేవాళ్లున్నారు.

పాత లైట్లు, జాకీలు, రెంచిల కోసమైతే గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ తిరగండి. పొద్దున్నే వెళ్తేనే మంచి సరుకు దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ ఇంజన్ బ్లాక్ కొనేటప్పుడు మాత్రం చవకగా వస్తోందని బిల్లు లేకుండా తేవొద్దు, ఇంజన్ నంబరు ఆర్సీలో మార్పించాలి, కాగితాలు లేకపోతే ఆర్టీఓ దగ్గర టెన్షన్ మీదే.

ఎక్కడా దొరకని బుష్‌లు, పిన్నులు బాలానగర్ వైపు లేత్ షాపుల్లో చేయించుకోవచ్చు. పాతది విరిగినదైనా సరే ముక్కలన్నీ తీసుకెళ్లండి, అది బిగిసే హౌసింగ్ కూడా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే అరిగిపోయిన బుష్‌ని చూసి చేస్తే కొత్తది కూడా అరిగిన సైజులోనే వస్తుంది.

పొదుపు చేయకూడనివి రెండున్నాయి. ఒకటి బ్రేకులు: వీల్ సిలిండర్ రబ్బర్లు ముందు ఒక ఇంచు, వెనక ముప్పావు ఇంచు, ఎప్పుడూ కొత్తవే వేయండి. రెండోది టైర్లు. 6.00-16 సైజు ట్రాక్టర్ ముందు టైరు ప్రతి ఊళ్లో చవకగా దొరుకుతుంది, రిమ్ముకి చక్కగా ఎక్కుతుంది కూడా, కానీ అది పొలంలో మెల్లగా నడిచే బండి కోసం చేసింది, దాంతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు.