యాంకిరిన్ రిపీట్‌ని కళ్లతో గుర్తుపట్టడం ఎలా

యాంకిరిన్ రిపీట్ అంటే చాలా ప్రోటీన్లలో వరుసగా మళ్లీ మళ్లీ వచ్చే ఒక చిన్న ముక్క. దాని ఆకారాన్ని పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టకండి. ప్రోటీన్ల 3డీ ఆకారాలు దొరికే ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో 1బీఐ7 (1BI7) అని కొడితే, కణ విభజనని నడిపే సీడీకే6 అనే ప్రోటీన్‌ని పట్టుకున్న పీ16 అనే ప్రోటీన్ కనిపిస్తుంది. పీ16ని మాత్రమే ఉంచి, ఒక చివర నుంచి లెక్కపెట్టుకుంటూ రండి: పక్కపక్కనే ఎదురు దిక్కుల్లో రెండు హెలిక్స్‌లు (స్ప్రింగ్‌లా చుట్టుకున్న భాగాలు), బయటికి పొడుచుకొచ్చిన లూప్ (వంపు), మళ్లీ రెండు హెలిక్స్‌లు... ఒక్కో రిపీట్ సుమారు 33 అమైనో ఆమ్లాలు, ఇందులో నాలుగే ఉంటాయి. రెండో దాంట్లో మొదటి హెలిక్స్ మరీ పొట్టిది, టెన్షన్ పడొద్దు.

సీక్వెన్స్‌లో (అమైనో ఆమ్లాలని ఒక్కో అక్షరంతో రాసిన వరుసలో) అయితే టీ-పీ-ఎల్-హెచ్ (TPLH) వెతకండి, ఒకటి రెండు అక్షరాలు మారినా ఫర్వాలేదు.

ఈ రిపీట్ల పని ఎక్కువగా ఇంకో ప్రోటీన్‌ని పట్టుకోవడమే. పీ16 అలాగే సీడీకే4, సీడీకే6లను ఆపి కణ విభజనకి బ్రేక్ వేస్తుంది. ఎర్ర రక్తకణంలో యాంకిరిన్ అనే ప్రోటీన్ తన 24 రిపీట్లతో పొరలోని బ్యాండ్ 3 అనే ప్రోటీన్‌ని పట్టుకుని, ఇంకో భాగంతో పొర కింద ఉండే స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ వలని బిగిస్తుంది. యాంకిరిన్ లోపిస్తే కణాలు బంతుల్లా మారి ప్లీహంలో చితికిపోతాయి.