ఇంట్లో తీసిన వీడియోల ఎడిటింగ్ నేర్చుకోవాలంటే ముందు సౌండ్ వినండి

బతుకమ్మ అయిపోయాక ఎవరి ఫోన్ చూసినా నలభై యాభై క్లిప్పులు పడుంటాయి, ముక్కలుముక్కలుగా ఉంటాయి కాబట్టి మళ్లీ ఎవరూ చూడరు. వాటిని ఒక ఐదు నిమిషాల వీడియోగా కూర్చుకోవడం నిజంగా ఒక ఆదివారం పని, అంతే.

అన్నిటికన్నా ముందు ఒరిజినల్స్ మొత్తం హార్డ్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో కాపీ చేసి పెట్టుకోండి. నా మొదటి వీడియోకి నేను క్లిప్పులన్నీ మ్యూట్ చేసి పైన సినిమా పాట పెట్టిన, స్పేస్ లేదని ఒరిజినల్స్ డిలీట్ చేసిన. అందులో మా నానమ్మ పాడిన బతుకమ్మ పాట ఉండె. ఇప్పుడు నానమ్మ లేదు, ఆ గొంతు కూడా లేదు. అందుకే ఇంతగా చెప్తున్నా.

యాప్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోన్‌లో అయితే వీఎన్, ఐఫోన్ ఉంటే ఐమూవీ చాలు. ల్యాప్‌టాప్‌లో షాట్‌కట్ ఫ్రీ, డావిన్సీ రిజాల్వ్‌కి కూడా ఫ్రీ వెర్షన్ ఉంది కానీ పాత ల్యాప్‌టాప్ మీద బాగా స్లో అవుతుంది.

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లిప్పులన్నీ ఒకసారి వినండి, బొమ్మ సంగతి తర్వాత. ఆట దగ్గర తీసినవాటిలో పాట తెగకుండా వినిపించే పొడుగు క్లిప్ ఒకటి దొరుకుతుంది, దాన్ని టైమ్‌లైన్ (యాప్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) మీద కింద పరిచేయండి, ఇదే పునాది. మిగతా క్లిప్పుల్లోంచి మంచి ముక్కలు, ఒక్కోటి మూడు నాలుగు సెకన్లు, దాని పైన ఓవర్‌లేగా, అంటే పై పొరగా పెట్టి వాటి సౌండ్ సున్నా చేయండి. అప్పుడు బొమ్మ ఎన్నిసార్లు మారినా పాట మాత్రం ఆగకుండా సాగుతుంది. ఎక్కడ కట్ చేయాలో తెలియకపోతే చప్పట్లు చూడండి, చేతులు కలిసే క్షణంలో కట్ చేస్తే ఆ అతుకు కంటికి ఆనదు.

ఇంకొకటి నేర్చుకుంటే వీడియో మొత్తం మారిపోతుంది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి హాల్లో కుప్ప పోసిన షాట్ ఉందనుకోండి, ఆ పూలు కనిపిస్తుండగానే "గునుగు పూలకు రంగు అద్దిన్రా లేదా?" అని పెద్దమ్మ గొంతు వినిపించాలి, ఒక సెకను తర్వాత ఆమె మొహం రావాలి. చేయడం సులువే, ఆమె క్లిప్ మీద ఎక్స్‌ట్రాక్ట్ ఆడియో కొట్టి సౌండ్‌ని విడదీసి, మొహం రాకముందే మాట మొదలయ్యేలా అమర్చి, బొమ్మలో మొదటి సెకను కోసేయండి, పెదాలు మాటతో కలుస్తాయి. దీన్నే జె కట్ అంటారు.

ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారేటప్పుడు గుండ్రంగా తిరిగే ట్రాన్సిషన్లు వద్దు, మామూలు కట్ చాలు. పైన వేరే పాట పెట్టాలనిపిస్తే మనుషులు మాట్లాడేచోట వాల్యూమ్ బాగా తగ్గించేయండి. ట్యూబ్‌లైట్ కింద తీసినవాటిలో చారలు వస్తే ఎడిటింగ్‌లో పోగొట్టడం కష్టం, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈసారి కెమెరా ప్రో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/50 లేదా 1/100 పెట్టి తీయండి.

చివర్లో వీడియోని ఫైల్‌గా సేవ్ చేసే ఎక్స్‌పోర్ట్‌లో 1080పి, 30 ఫ్రేములు, హెచ్.264 పెట్టండి, పాత టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టినా ఆడే ఛాన్స్ దానికే ఎక్కువ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది.