రెండు పీఎల్‌సీల మధ్య టీసీపీలో ముడి బైట్లు పంపాలంటే

పైన ట్యాంకు దగ్గర సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్), కింద పంపుల దగ్గర కోడ్‌సిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరే కంపెనీ పీఎల్‌సీ. నీటి మట్టం కిందికి చేరాలి. రెండింటికీ అర్థమయ్యే రెడీమేడ్ పద్ధతి మోడ్‌బస్ టీసీపీ కుదిరితే హాయిగా అదే వాడండి. కుదరకపోతేనే ఈ ముడి బైట్ల గొడవ.

ముందు మెసేజ్‌ని కాగితం మీద గీయండి. నేనైతే 20 బైట్లు తీసుకుంటాను: మొదటి రెండు మెసేజ్ మొదలైందనే గుర్తు (హెక్స్ అంకెల్లో ఎ5 5ఎ), తర్వాతి రెండు పొడవు, ఇంకో రెండు కౌంటర్, మిగతా 14 డేటా.

సీమెన్స్ ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్‌లో, డేటా పంపే టీసెండ్_సి బ్లాక్ పెట్టి, పార్ట్‌నర్‌ని అన్‌స్పెసిఫైడ్‌గా ఎంచుకుని, అవతలి ఐపీ, పోర్టు 2000 ఇవ్వండి. కనెక్షన్ మొదలుపెట్టేది ఒక్కరే ఉండాలి, రెండోవాళ్లు వినాలి. ఆ బ్లాక్ రిక్వెస్ట్ బిట్ 0 నుంచి 1కి లేచినప్పుడే డేటా వెళ్తుంది. కాబట్టి సెకనుకోసారి లేచే ఒక హెర్ట్జ్ క్లాక్ బిట్ చాలు, కానీ పంపడం ఇంకా అవలేదని చెప్పే బిజీ బిట్ ఆన్‌లో ఉంటే కొత్తది పంపొద్దు. పంపడం అయిందని చెప్పే డన్ బిట్ ఒక్క స్కాన్‌లో (ప్రోగ్రాం ఒక్క చుట్టు తిరిగేలోపు) మెరిసి పోతుంది, ఎర్రర్ కూడా అంతే. ఏం జరిగిందో చెప్పే స్టేటస్ కోడ్‌ని అప్పుడే వేరేచోట దాచకపోతే ఆన్‌లైన్‌లో ఎంతసేపు చూసినా ఏమీ కనబడదు.

అందరూ తిప్పలు పడేది అవతలి వైపు. టీసీపీ కుళాయి లాంటిది: నీళ్లు వస్తాయి, బిందె మనమే పట్టాలి. మీరు 20 పంపుతుంటే అక్కడ 18 చొప్పున చదివితే, రెండో మెసేజ్ నుంచే విలువలన్నీ పక్కకి జరుగుతాయి. వచ్చినదాన్ని బఫర్‌లో పోగేసి, ఎ5 5ఎ దొరికేదాకా ఒక్కో బైటూ వదిలేస్తూ వెతికి, అక్కణ్నుంచి 20 నిండాకే విప్పండి.

విప్పాక మట్టం 1234 బదులు -11772 కనిపిస్తే కంగారు వద్దు. సీమెన్స్ పెద్ద బైటు ముందు పెడుతుంది, 1234 అంటే హెక్స్‌లో 04 డి2. అవతల అదే డి2 04 అయింది. ఎవరు తిప్పాలో ముందే తేల్చుకోండి, లేకపోతే ఇద్దరూ తిప్పి మళ్లీ మొదటికొస్తారు.

డన్ వచ్చినంత మాత్రాన అవతలి ప్రోగ్రాం చదివినట్టు కాదు. అందుకే ఆ కౌంటర్. పంపిన ప్రతిసారీ ఒకటి పెంచండి. 3 సెకన్లు అది కదలకపోతే కింద పంపు ఆగాలి. రెండు పీఎల్‌సీలనీ కలిపే ముందు ల్యాప్‌టాప్‌లో హెర్క్యులిస్ (టీసీపీలో వచ్చే బైట్లు చూపించే ప్రోగ్రాం) తెరిచి బైట్లు కళ్లారా చూసుకోండి. అప్పగించే ముందు పంపు నడుస్తుండగా కేబుల్ పీకండి, అది ఆగాలి. మళ్లీ గుచ్చితే రీసెట్ అడగకుండా లింక్ తిరిగి రావాలి.